నాణ్యత కోసం వారానికొక గంట

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మమ్మల్ని మాట్లాడమన్న విషయం నాణ్యతా సంఘాలలో స్వచ్ఛంద సేవ. వినగానే ఇది ఫ్యాక్టరీల వారి విషయమనీ, పాడి రైతుకు పట్టనిదనీ అనిపిస్తుంది. అందులో కొంత నిజమున్నది. మా వంటి కొందరు సహకార ఇన్‌స్పెక్టర్లు సభ్యులుగా ఉన్న క్వాలిటీ సర్కిల్ ఫోరం శాఖలో ఎక్కువమంది యంత్రాల దగ్గర పనిచేసేవారే. వారి మధ్య పాల క్యాన్ల సంగతి మాట్లాడేవాళ్లము కూర్చోవడం మొదట్లో వారికీ వింతే, మాకూ వింతే. అయినా సెలవు రోజున, సొంత ఖర్చుతో అక్కడికి ఎందుకు వెళుతున్నామో, దానివలన పాలు పోసే సభ్యునికి ఒరిగేదేమిటో మీ ముందుంచుతాము.

తనిఖీ వలన నాణ్యత రాదు

మా ఉద్యోగమే తనిఖీ. మేమే ఈ మాట అంటే మీకు నవ్వు రావచ్చు. కాని ఆలోచించండి. మేము మీ సంఘానికి వచ్చేసరికి జరగవలసినది జరిగిపోయి ఉంటుంది. పులిసిన క్యాను రిజిస్టరులో ఒక అంకెగా మిగిలి ఉంటుంది. ఆ అంకె సరిగా వేశారా లేదా అని మేము చూడగలము గాని, ఆ పాలను మళ్లీ తియ్యటి పాలుగా చేయలేము.

1950లో జపానుకు వెళ్లి అక్కడి ఇంజనీర్లకు, కంపెనీల పెద్దలకు పాఠాలు చెప్పిన అమెరికా గణాంక శాస్త్రవేత్త డెమింగ్ బోధించినది కూడా ఇదే. చివరన నిలబడి మంచీ చెడూ ఏరడం మీద ఆధారపడరాదనీ, పని జరిగే చోటనే నాణ్యత ఏర్పడవలెననీ ఆయన అభిప్రాయము.

ఇది పాలకు మరీ వర్తిస్తుంది. ఇనుప ముక్క తప్పుగా వస్తే కరిగించి మళ్లీ పోత పోయవచ్చు. పాలకు ఆ అవకాశం లేదు. అప్పుడే పితికిన పాలు వెచ్చగా ఉంటాయి. ఆ వెచ్చదనంలో సూక్ష్మజీవులు గంటలోపే రెట్టింపు కాగలవు. శీతలీకరణ కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లార్చితే వాటి పెరుగుదల మందగిస్తుందే గాని, అప్పటికే చేరినవి తొలగిపోవు. కనుక పాల నాణ్యత పశువు పొదుగు దగ్గర, తపేలా దగ్గర, క్యాను దగ్గర తేలిపోతుంది. ఆ మూడు చోట్లా ఇన్‌స్పెక్టరు ఉండడు. మీరే ఉంటారు.

ఈ ఉద్యమం ఎక్కడ పుట్టినది?

1962లో జపాను శాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘం వారు కర్మాగారాలలోని మేస్త్రీల కోసం ఒక చిన్న పత్రిక ప్రారంభించారు. ఆచార్య కవోరు ఇషికావా అందుకు ప్రధాన బాధ్యుడు. ఒంటరిగా చదివితే మధ్యలో వదిలివేస్తారని, పనివారు చిన్న చిన్న జట్లుగా కూర్చుని కలిసి చదవాలని ప్రోత్సహించారు. అలా చదువుకునే జట్లే తమ పనిలోని చిక్కులను తామే విప్పుకునే జట్లుగా మారాయి. వాటినే క్వాలిటీ సర్కిళ్లు అన్నారు.

మన దేశంలో ఈ పద్ధతికి 1980లో నాంది పలికినది మన తెలుగు నేల మీదనే. హైదరాబాదు సమీపంలోని రామచంద్రాపురం భెల్ కర్మాగారంలో శ్రీ ఎస్.ఆర్. ఉడుప గారి చొరవతో తొలి సర్కిళ్లు ఏర్పడ్డాయి. 1982లో ఆయన పూనికతోనే క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా స్థాపితమైనది. దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులో ఉన్నది. దేశంలోని అనేక పారిశ్రామిక కేంద్రాలలో శాఖలున్నాయి.

సర్కిల్ అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. ఒకే చోట పనిచేసే ఆరు నుండి పది మంది ఇష్టపూర్వకంగా వారానికొకసారి ఒక గంట కూర్చుంటారు. తమ పనిలోని ఒక చిక్కును ఎంచుకుంటారు. ఊహలతో గాక, రాసిపెట్టుకున్న లెక్కలతో కారణం వెతుకుతారు. పరిష్కారం చేసి చూసి, ఫలితాన్ని పెద్దలకు వివరిస్తారు.

శాఖలో మేము చేసే పని

ఇటువంటి సంఘం జీతగాళ్లతో నడవదు. సమావేశానికి హాలు అడగడం, కుర్చీలు వేయడం, వచ్చినవారి పేర్లు రాసుకోవడం, కొత్త సర్కిళ్లకు పాఠాలు చెప్పడం, సర్కిళ్లు తమ అనుభవాలను వినిపించే సదస్సులో గడియారం పట్టుకుని సమయం చూడడం, ఇవన్నీ సభ్యులే చేస్తారు. మాకు ఉన్నది డిప్లొమా. అక్కడ పెద్ద చదువుల ఇంజనీర్లున్నారు. కాని కుర్చీ వేసే దగ్గర, పాఠం చెప్పే దగ్గర పట్టా ఎవరూ అడగలేదు. పాఠాలను వాడుక తెలుగులో, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలవారు కావాలన్నారు. ఆ పని మేము తలకెత్తుకున్నాము.

చెప్పే విద్య కూడా కష్టమైనది కాదు. మొదటిది గీతల పట్టీ. తప్పు జరిగినప్పుడల్లా ఎక్కడ, ఎప్పుడు జరిగినదో గడిలో ఒక గీత గీయాలి. రెండవది చేపముల్లు పటం. ఇది ఇషికావా గారు ఇచ్చినది. చేప తల దగ్గర చిక్కును రాసి, ముళ్ల మీద మనిషి, పాత్ర, పద్ధతి, సరుకు అంటూ కారణాలను విడదీయాలి. మూడవది, ఎక్కువ నష్టం తెస్తున్న ఒకటి రెండు కారణాలను ముందుగా పట్టుకోవడం. అక్షరం రానివారు కూడా గీత గీయగలరు.

ఒక సంఘంలో జరిగినది

మాకు తెలిసిన ఒక పాల సంఘంలో వేసవి సాయంత్రపు పాలు తరచుగా పులిసి ధర కోతపడేది. రైతులు వ్యాను ఆలస్యమన్నారు. వ్యాను డ్రైవరు పరీక్షకుణ్ణి అన్నాడు. పరీక్షకుడు రైతులు పొద్దుటి పాలు కలుపుతున్నారన్నాడు. పాలకంటే ముందు మనసులు విరిగాయి. కొందరు సంఘం మాని ప్రైవేటు వారికి పోయడానికి సిద్ధపడ్డారు.

అక్కడ ఏడుగురితో ఒక జట్టు ఏర్పడినది. పాలు పోసే ఆడవారు ముగ్గురు, రైతులు ఇద్దరు, పరీక్షకుడు, క్యాన్లు కడిగే ఆమె. మేము రిజిస్టరు పట్టుకోకుండా, ఆఫీసు వేళ దాటాక వెళ్లి కూర్చునేవాళ్లము. రెండు వారాలపాటు ఏ క్యాను పులిసినదో క్యాను నంబరు వారీగా గీతలు గీశారు. చూస్తే గీతలన్నీ అవే రెండు మూడు నంబర్ల దగ్గర గుమిగూడి ఉన్నాయి. అప్పటి దాకా అందరూ మనుషులను చూశారే గాని, క్యానును ఎవరూ చూడలేదు.

అప్పుడు క్యాన్లు కడిగే ఆమె నోరు విప్పినది. “ఆ క్యాన్ల మూతల రబ్బరు వాషరు ఊడి రాదు సారూ. దాని కింద కడిగే దారి లేదు. నన్నెవరడిగారు?” అన్నది. వాషర్లు కోసి తీసి చూస్తే కింద పచ్చటి పొర పేరుకుని ఉన్నది. కొత్త వాషర్లు వేశారు. ప్రతి పూటా వాషరు తీసి, చాకలి సోడా కలిపిన వేడి నీళ్లతో తోమి, మంచి నీళ్లతో కడిగి, క్యాన్లను బోర్లించి ఎండలో ఆరబెట్టడానికి ఒక కర్ర స్టాండు చేయించారు. ఆ క్యాన్ల మీద మళ్లీ మాట రాలేదు. వ్యాను ఆలస్యమైన రోజున ఇబ్బంది ఇంకా ఉన్నది. దానికి జట్టు వేరే దారి వెతుకుతున్నది. కాని రైతు, పరీక్షకుడు ఒకరినొకరు దొంగలుగా చూసుకోవడం ఆగినది.

ఆ జట్టును శాఖ సమావేశానికి తీసుకువెళ్లాము. క్యాన్లు కడిగే ఆమె నిలబడి చెప్పినది. బహుమతి రాలేదు గాని, యంత్రాల పనివారు ఆమెను చుట్టూ నిలబెట్టి ప్రశ్నలడిగారు. తన పని గురించి ఆమెను అంతమంది అడగడం అదే మొదటిసారి. స్వచ్ఛంద సేవ ఎందుకని మమ్మల్ని అడిగేవారికి మేము చూపగల లాభం ఇదే. పని చేసే మనిషికి తెలిసిన సంగతి లెక్క రాసే మనిషి దాకా చేరడానికి ఒక చోటు ఏర్పడుతుంది.

కొన్ని హెచ్చరికలు

సర్కిళ్లు పుట్టినంత తేలికగా చచ్చిపోతాయి కూడా. పై అధికారి ఆజ్ఞతో పెట్టినది ఆ అధికారి బదిలీతో పోతుంది. బహుమతి కోసం పెట్టినది సదస్సు మరునాడే పోతుంది. జట్టులో తప్పు ఒప్పుకున్నవారి మీద చర్య తీసుకుంటే ఆ రోజుతోనే సరి. కనుక పాలకవర్గం వారు ఒక హామీ ఇవ్వాలి. జట్టులో చెప్పిన మాట శిక్షకు ఆధారం కారాదు.

రెండవ సంగతి వెన్న శాతము. తగవులలో ఎక్కువ దీని చుట్టూనే. పాలు నిలవ ఉంటే వెన్న పైకి తేలుతుంది. బాగా కలపకుండా పైనుంచి తీసిన నమూనా ఒక శాతం చూపితే, అడుగునుంచి తీసినది వేరొకటి చూపుతుంది. ఇప్పుడు చాలా సంఘాలలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. యంత్రమైనా కడగకపోతే, సరిచూడకపోతే తప్పు చెబుతుంది. గెర్బర్ పద్ధతి పాతదైనా సరిచూసుకోవడానికి నేటికీ పనికి వస్తుంది. 10 మిల్లీలీటర్ల గంధకామ్లము, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు. ఆమ్లం ముట్టేది శిక్షణ పొందిన పరీక్షకుడే కావాలి. కాని చూడడానికి సభ్యులందరూ రావచ్చు. నెలకొకసారి అందరి ఎదుట యంత్రాన్నీ గెర్బర్‌నూ పక్కపక్కన పెట్టి చూపించండి. అనుమానం సగం అక్కడే తీరుతుంది.

మీరు చేయవలసినది

ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. ఆరుగురు చాలు. అందులో ఆడవారు, క్యాన్లు కడిగేవారు తప్పక ఉండాలి. ఇంటి దగ్గర పశువును చూసుకుని పాలు పితికేది చాలా చోట్ల ఆడవారే, సంఘం మీటింగులో వెనుక కూర్చునేదీ వారే. వారి పనికి అడ్డు రాని వేళ చూసి, వారానికొక గంట పెట్టుకోండి. ఒకే ఒక్క చిక్కును తీసుకోండి. గోడ మీద గీతల పట్టీ అంటించండి. బోధించడానికి మనిషి కావాలంటే ఫోరం శాఖకు గాని, మాకు గాని ఒక కార్డు ముక్క రాయండి, ఒక ఫోను చేయండి. వస్తాము. భోజనం ఏర్పాట్లు, పూలదండలు అక్కరలేదు.

ఏమి మాట్లాడాలో తోచకపోతే, జపాను మేస్త్రీలు చేసినట్లు చేయండి. మీ సంఘానికి వచ్చే ఈ పత్రికను బీరువాలో పెట్టకుండా, చదువు వచ్చిన ఒకరు బిగ్గరగా చదవండి, మిగిలినవారు వినండి. మొదటి వారానికి ఆ పని చాలు.