రాత్రి నిద్ర పడుతోందా?

(మండల రైతు సంఘం మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సభలో నేను గిట్టుబాటు ధర గురించో, కౌలు కార్డుల గురించో మాట్లాడతాను. ఈసారి కుటుంబ భారం మోసే తండ్రుల ఆరోగ్యం మీద మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. నేను డాక్టర్ని కాదు. పదో తరగతి చదివి చేలో దిగినవాణ్ణి. నాకు జరిగింది, ఆ తర్వాత డాక్టర్లను అడిగి తెలుసుకున్నది చెబుతాను.

2021 మీకందరికీ గుర్తుందిగా. ఆ ఏడు మిర్చికి నల్ల తామర పురుగు పట్టింది. పూతలో చేరి పీల్చేసింది. ఏ మందు కొట్టినా ఆగలేదు. నాకు రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. డిసెంబరు కల్లా పూత రాలిపోయి మొక్కలు ముడుచుకుపోయాయి. చేను పీకేశాను. కౌలు ముందే కట్టేశాను. పురుగుమందుల కొట్లో బాకీ, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు, బ్యాంకులో నా భార్య బంగారం. అవి మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ చలికాలం నుంచి రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. ఇక పడుకుంటే లెక్కలే. ఎవరికి ఎంత, ఎప్పటికి ఎంత. తెల్లారేసరికి మెడ వెనక పట్టేసి ఉండేది. కడుపులో మంట, తలపోటు. స్ప్రేయరు మోసి మోసి ఇలా అయిందనుకున్నా. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి నొప్పుల సూది వేయించుకునేవాణ్ణి. రెండు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే.

ఇంట్లో అయినదానికీ కానిదానికీ అరిచేవాణ్ణి. కూరలో ఉప్పు ఎక్కువైనా, పిల్లాడు టీవీ పెట్టినా అరుపే. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. కాలేజీ వాళ్లు ఫీజు కట్టమని ఇచ్చిన కాగితాన్ని నెల రోజులు పుస్తకాల సంచిలో దాచింది. క్లాసు బయట నిలబెడుతున్నా ఇంట్లో చెప్పలేదు. వాళ్లమ్మ కాగితం చూసి అడిగితే, "చెబితే నాన్నకి తలపోటు ఎక్కువవుద్దిగా" అందట. నా అప్పు పుస్తకంలో లేని బాకీ అది. నేను ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాననుకున్న బరువు పదహారేళ్ల పిల్ల మోస్తోంది.

మరుసటి వేసవిలో ఒకరోజు బోరు దగ్గర గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. చెమటలు. గ్యాస్ అనుకుని సోడా తాగాను. మా తమ్ముడు వినకుండా బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. గుండె పరీక్ష చేశారు. అదృష్టం, గుండెపోటు కాదు. బీపీ మాత్రం 180, 110 ఉంది. అక్కడి డాక్టరమ్మ, "ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదు?" అని అడిగింది. పంట పోయాక నా దగ్గరికి వచ్చిన ప్రతివాడూ "ధైర్యంగా ఉండు" అన్నాడు. నిద్ర పడుతోందా అని అడిగింది ఆమె ఒక్కతే. యాభై ఏళ్లవాణ్ణి, అక్కడే ఏడ్చేశాను.

ఆమె చెప్పింది మీకు చెబుతాను. గట్టు మీద నడుస్తుంటే కాలి దగ్గర పాము కనబడిందనుకోండి. ఏమవుద్ది? గుండె దడదడలాడుద్ది, ఒళ్లు బిగుసుకుపోద్ది. మూత్రపిండాల మీద అడ్రినల్ అనే చిన్న గ్రంథులున్నాయి. అవి అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాలను రక్తంలోకి వదులుతాయి. బీపీ పెరుగుద్ది. పరిగెత్తడానికి బలం కావాలి కాబట్టి కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలో కలుపుద్ది. అరుగుదల మందగిస్తుంది. ఇదంతా మన మంచికే. పాము వెళ్లిపోతే కాసేపటికి ఒళ్లు సర్దుకుంటుంది.

అప్పు అనే పాము మాత్రం వెళ్లదు. ఏడాదంతా గట్టు మీదే ఉంటుంది. ఒళ్లు రాత్రీ పగలూ పరుగుకు సిద్ధంగానే ఉంటుంది. నిద్ర పట్టదు. మెడ, నడుము కండరాలు వదలవు. కడుపు మండుద్ది. బీపీ దిగదు. సుగరు ఉన్నవాళ్లకు అదుపు తప్పుద్ది, లేనివాళ్లకు వచ్చే ప్రమాదం పెరుగుద్ది. చిన్న జబ్బు కూడా తొందరగా తగ్గదు. భార్యాభర్తల మధ్య దగ్గరితనం పోద్ది. సిగ్గుపడి ఎవరూ చెప్పుకోరు కానీ ఇదీ దాని పనే. నిద్ర కోసం మందు తాగుతాం. తాగితే మగత వస్తుంది కానీ మధ్యరాత్రి మెలకువ తప్పదు, పైగా బీపీ పెంచుద్ది.

నేను వేయించుకున్న నొప్పుల సూదులూ అంతే. మాటిమాటికీ వాడితే బీపీ పెంచి మూత్రపిండాలను దెబ్బతీస్తాయట. రోగం ఒకచోట, మందు ఒకచోట.

ఇంకొకటి ఉంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో, పనిలో తీరని ఒత్తిడి వల్ల మనిషి పూర్తిగా అలిసిపోయే స్థితిని వివరించింది. అది జబ్బు కాదు, పని తెచ్చిపెట్టే స్థితి అంది. దానికి మూడు గుర్తులు: ఒంట్లో సత్తువ లేకపోవడం, పనంటే విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం. మన భాషలో చెప్పాలంటే, చేను వైపు కాలు సాగకపోవడం. దాన్ని మనం బద్ధకం అంటాం. అలాంటి రైతును చూసి "సోమరి అయిపోయాడు" అనకండి. ఉద్యోగస్తుడికి సెలవుంది, రైతుకు లేదు.

2022లో మన దేశంలో వ్యవసాయం మీద బతికే 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ రాసింది. అందులో రైతులు 5,207 మంది, కూలీలు 6,083 మంది. ఆ రైతుల్లో 4,999 మంది మగవాళ్లు. భూమి కాగితం లేని కౌలు రైతు, చేలో సగం పని చేసే ఆడమనిషి ఈ లెక్కల్లో రైతుగా పడేది తక్కువ. "మరి మా సంగతేంటి?" అని అక్కలు అడగొచ్చు. న్యాయమే. డ్వాక్రా కిస్తీ, మైక్రోఫైనాన్స్ కిస్తీ కట్టేది మీరే. మా కోపం భరించేదీ మీరే. మీరు ఏడుస్తారు, పక్కింటామెతో చెప్పుకుంటారు. మాకు అదీ చేతకాదు. తండ్రి అంటే నోరు మూసుకుని మోసేవాడు అని నేర్పారు. అది మగతనం అనుకున్నాం.

ప్రాణాయామం చేస్తే ఒత్తిడి తగ్గుద్దని కొందరు చెబుతారు. చేయండి, మంచిదే. కానీ ప్రాణాయామానికి వడ్డీ తగ్గదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో మిర్చి లేనే లేదు. భూమి యజమాని సంతకం పెడితేనే కౌలు కార్డు అంటే, ఆయన పెట్టడు, మనకు బ్యాంకు అప్పు రాదు. మన బీపీకి మూలం అక్కడుంది. దాని మీద పోరాటం ఆగదు. అయితే ధర వచ్చేదాకా గుండె ఆగదు కదా. పోరాడాలంటే మనిషి ఉండాలి.

అందుకే సంఘం ముందు కొన్ని పనులు పెడుతున్నాను. ప్రతి గ్రామ కమిటీ సమావేశంలో ఏఎన్‌ఎమ్‌ను, ఆశా కార్యకర్తను పిలిచి బీపీ, సుగరు చూపించుకుందాం. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్షలు ప్రభుత్వమే చేయాలి. బీపీ ఉన్నట్టు చాలామందికి తెలియదు, అది ఏ గుర్తూ చూపించదు. రెండు మూడుసార్లు చూసినా 140, 90 దాటితే డాక్టరును కలవాలి. బిళ్లలు పీహెచ్‌సీలో ఉచితం. బాగుందని మధ్యలో మానొద్దు. గుండెల్లో బరువు, చెమట, ఎడమ చేయి లాగడం ఉంటే గ్యాస్ అనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి.

పంట పోయిన రైతు ఇంటికి వారం లోపల ఇద్దరం వెళ్దాం. రచ్చబండ దగ్గరికి రావడం మానేసినవాణ్ణి, ఉన్నట్టుండి మాట తగ్గించినవాణ్ణి వదిలిపెట్టొద్దు. చచ్చిపోవాలనుంది అన్నవాణ్ణి ఒంటరిగా ఉంచొద్దు. 14416 నంబరు రాసుకోండి, టెలీ మానస్ అంటారు. ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. వెళ్లినప్పుడు "ధైర్యంగా ఉండు" అని చెప్పి వచ్చేయకండి. "రాత్రి నిద్ర పడుతోందా మామా?" అని అడగండి. అడిగి, కాసేపు కూర్చోండి.

నా అప్పు ఇంకా తీరలేదు. రోజూ బీపీ బిళ్ల వేసుకుంటున్నా. నెలకొకసారి లెక్కల పుస్తకం ఇంట్లో అందరి ముందు తెరుస్తున్నాం. మా అమ్మాయి డిగ్రీలో చేరింది. మొన్న ఫీజు కాగితం తెచ్చి నేరుగా నా చేతికే ఇచ్చింది. "ఈ నెలలో సగమే కట్టగలను" అన్నాను. "సరే నాన్నా, అదే చెబుతాను" అంది.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి. సెలవు.