మున్సిపాలిటీకి మీతో పనుంది

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

స్నాతకోత్సవంలో దేశం గురించి, ప్రపంచం గురించి మాట్లాడటం రివాజు. నేను మున్సిపాలిటీ గురించి మాట్లాడతాను. మన దేశంలో నగరాలు ఇంతేనని సరిపెట్టుకునే వయసు మీది కాదు కనుక, ముందు సూరత్ సంగతి చెబుతాను.

1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు పుట్టింది. వజ్రాలు సానపట్టేవాళ్లు, మగ్గాల మీద బతికేవాళ్లు లక్షల్లో ఊరు విడిచి పోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు తెలుగువారే. ఆయన నగరంలోని ఆరు జోన్లకు ఆరుగురు అధికారుల్ని పెట్టి, ఖర్చు పెట్టే అధికారంతో సహా తన అధికారాలను వాళ్లకు అప్పగించారు. పైనుంచి అనుమతి రాలేదనే సాకు దాంతో పోయింది. రోజూ పొద్దున్నే అధికారులందరూ వీధుల్లో తిరగాల్సిందే. ఏసీ గదుల్లోంచి రోజువారీ పనుల్లోకి (డైలీ చోర్స్) రావడం కాబట్టి దానికి ‘ఏసీ టు డీసీ’ అని పేరు పడింది. మురుగు పొంగుతున్న కాలువ గట్టున ఇంజనీరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు పక్కపక్కనే నిలబడితే, “అది మా శాఖ కాదండీ” అనడానికి ఎవరికీ నోరు రాదు. 1996లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ చండీగఢ్ తర్వాత దేశంలో శుభ్రమైన నగరంగా సూరత్‌నే లెక్కగట్టింది. ఆయన బదిలీ మీద వెళ్లిపోయాక కూడా ఆ పద్ధతి నిలబడటం అసలు గొప్ప. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్, ఇందోర్‌తో కలిసి మొదటి స్థానంలో ఉంది.

మంచి కమిషనర్ దొరికితే చాలని దీన్నిబట్టి అనుకోకండి. ఎంత మంచి కమిషనర్‌నైనా పంపించెయ్యడానికి బదిలీ ఉత్తర్వు ఒక్క కాగితం చాలు. నగరం బాగుపడాలంటే అధికారం, డబ్బు, జనానికి జవాబు చెప్పే బాధ్యత, ఈ మూడూ ఒకే గడప లోపల ఉండాలి. మన దగ్గర అవి తలో చోటా ఉన్నాయి.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 18 అంశాలను నగర పాలనకు తగినవిగా చూపించింది. వాటిని నగర సంస్థలకు ఇవ్వడం, ఇవ్వకపోవడం మాత్రం రాష్ట్రాల ఇష్టానికే వదిలేసింది. హైదరాబాద్‌లో రోడ్డు కార్పొరేషన్‌ది. దాని కింద నీళ్ల పైపు, డ్రైనేజీ జలమండలివి. పక్కన కరెంటు స్తంభం డిస్కంది. ఊరు ఎటు పెరగాలో ప్లాను గీసేది మరో సంస్థ. మొన్న వేసిన తారురోడ్డును ఇవాళ తవ్వుతున్నారంటే, తవ్వేవాడికీ వేసినవాడికీ పైఅధికారి ఒకడు కాదు కనుకనే.

జవాబు చెప్పే బాధ్యత సంగతి విశాఖను అడగండి. 2012లో అక్కడి కౌన్సిల్ గడువు తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఆ మహానగరానికి మేయర్ లేరు, వార్డుకు కార్పొరేటర్ లేరు. అధికారులు రాత్రింబవళ్లు పనిచేసి ఉండొచ్చు. కానీ మా వీధిలో చెట్టు ఇంకా తియ్యలేదేమని నిలదీయడానికి, ఆ వీధివాళ్లు ఓటేసి గెలిపించుకున్న మనిషి ఒక్కరూ లేరు.

ఇక డబ్బు. రిజర్వు బ్యాంకు 2022 నివేదిక ప్రకారం మన నగర సంస్థలన్నిటి రాబడి కలిపినా దేశ స్థూల ఉత్పత్తిలో ఒక శాతం దగ్గరే ఆగిపోయింది. బ్రెజిల్లో అది ఏడు శాతం పైచిలుకు, దక్షిణాఫ్రికాలో ఆరు. అవీ వర్ధమాన దేశాలే. ఆస్తిపన్ను పెంచుదామంటే నాయకులకు ఓట్ల భయం, కట్టమంటే మనకు ఒళ్లు బరువు. బిల్ కలెక్టర్‌ను చూసి తలుపేసుకున్న చేత్తోనే వీధిదీపం వెలగడం లేదని ఫిర్యాదు రాస్తాం.

ఇందులో మీ పాత్ర ఏమిటి? ఇంజనీర్లు, అకౌంటెంట్లు, ప్లానర్లు, డాక్టర్లు మున్సిపల్ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి. ఆ పేరు వింటే పెళ్లి సంబంధాలవాళ్లు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. అక్కడ మీరు సరిచేసిన ఒక నీళ్ల లైను ఎన్నో ఇళ్ల ఆడవాళ్ల తెల్లవారుజాము నిద్రను కాపాడుతుంది. ప్రైవేటు కొలువుల్లోకి వెళ్లేవాళ్లు మీ వార్డు బడ్జెట్ ఎంతో, ఏ పనికి ఎంత పోయిందో ఏడాదికొక్కసారైనా అడగండి. విదేశాలకు వెళ్లేవాళ్లు అక్కడి బస్సుల్నీ పార్కుల్నీ మెచ్చుకోవడంతో ఆగకుండా, ఆ ఊరి కౌన్సిల్‌కు ఎవరు డబ్బిస్తున్నారో, అది ఎవరికి జవాబు చెబుతోందో కూడా చూసి రండి.

ఇంకొక్క మాట. ఎమ్మెల్యేగా నిలబడటానికి 25 ఏళ్లు నిండాలి. కార్పొరేటర్‌గానో కౌన్సిలర్‌గానో నిలబడటానికి 21 చాలు. ఈ హాల్లో చాలామందికి ఆ వయసు వచ్చేసింది. 2020లో హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటెయ్యలేదు. వచ్చేసారి మీలో కొందరు నామినేషన్ వెయ్యండి. మిగతావాళ్లు సెలవు పెట్టి వచ్చి ఓటెయ్యండి, గెలిచినవాళ్లను అయిదేళ్లూ నిద్రపోనివ్వకండి.