ఏరియలును త్రిప్పుట, నిలుపుట



మిద్దెపై నిలిపిన ఇనుప స్తంభము కొనను, అడ్డముగా అమర్చిన అల్యూమినియం గొట్టములు మెల్లమెల్లగా ఒక దిక్కునుండి మరియొక దిక్కునకు తిరుగుచుండుట చూచినవారు, అవి గాలికి తిరుగుచున్నవని తలంతురు. కాని ఆకు కదలని వేళలందును అవి తిరుగును. క్రింది గదిలో కూర్చున్న ఒక వ్యక్తి మీట నొక్కుటయే అందులకు కారణము. ఆ వ్యక్తిని అమెచ్యూర్ రేడియో కార్యకర్త యనియు, వాడుకలో 'హ్యామ్' అనియు అందురు. ప్రభుత్వము పెట్టు పరీక్షలో ఉత్తీర్ణుడై, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేక, స్వంత రేడియో యంత్రముతో దేశదేశముల వారితో సంభాషించుట వాని అభిరుచి. ఆ మీటకును ఆ గొట్టములకును నడుమ జరుగు వ్యవహారమే నేటి ప్రసంగ విషయము.

గొట్టములను త్రిప్పవలసిన అవసరమేమి? ఒంటి తీగ ఏరియలు తన శక్తిని పలు దిక్కులకు పంచివేయును. 1926లో జపాను దేశమున, సెండాయి నగరమునందలి తోహోకు విశ్వవిద్యాలయములో, షింటారో ఉడా, హిడెట్సుగు యాగి అను విద్వాంసులు వేరొక పద్ధతిని వెల్లడించిరి. శక్తినిచ్చు గొట్టమునకు వెనుక కొంచెము పొడవైనది, ముందు కొంచెము పొట్టిది, తీగ సంబంధమే లేకుండ నిలిపినచో, తరంగములు ఒకే దిక్కునకు మరలి పోవును. పరిశోధనా భారమును ఎక్కువగా మోసినది ఉడా; లోకమున ప్రసిద్ధి కెక్కినది యాగి పేరు. ఇట్టి అన్యాయములు శాస్త్ర చరిత్రలో అరుదు కావు. మూడు గొట్టముల యాగి ఏరియలు, ఒంటి తీగతో పోల్చినచో, ఎదుటి దిక్కున మూడు నాలుగు రెట్ల బలమును చూపును. అయితే అది చూచు దిక్కు ఒక్కటే. 14 మెగాహెర్ట్జులకు కట్టినచో ఒక్కొక్క గొట్టము సుమారు 10 మీటర్ల పొడవుండును. అంతటి దానిని ప్రతిసారియు నిచ్చెన యెక్కి చేతితో త్రిప్పుట సాధ్యమా? అందుకొరకే రొటేటరు పుట్టినది.

రొటేటరనగా స్తంభము కొనన బిగించిన చిన్న మోటారు, దాని వేగమును తగ్గించు పళ్లచక్రములు, కదలకుండ పట్టి ఉంచు బ్రేకు, దిక్కును తెలుపు ఒక నిరోధకము. గదిలో నుండునది కంట్రోలు పెట్టె. దానిపై మీటలు, ఒక మీటరు. ఒక పూర్తి చుట్టునకు సాధారణముగా ఒక నిమిషము పట్టును. ఇంత నెమ్మది ఏల అని పిన్నలు అడుగుదురు. త్రిప్పుట సులభము, నిలుపుట కష్టము. పొడవైన గొట్టములు ఒకసారి కదలిక నందుకొన్న పిదప, మోటారు ఆగినను తామాగవు. బరువెక్కిన బండిని దిగుడు బాటలో ఎద్దులు ఆపలేనట్లే, అవి మరికొంత దూరము సాగి, స్తంభమును మెలిపెట్టి, అటుపిమ్మట శాంతించును.

అమెరికాలో తయారైన హ్యామ్-ఫోర్ వంటి రొటేటర్లలో బ్రేకు ఒక ఇనుప చీల. అది పళ్ల నడుమ దిగి చక్రమును కదలనీయదు. వాడువాడు మొదట బ్రేకు మీటను నొక్కి చీలను పైకి తీయవలెను. తరువాత దిక్కు మీటను నొక్కవలెను. దిక్కు చేరుచుండగా దిక్కు మీటను మాత్రమే విడిచి, ఏరియలు తనంత తాను నిలుచువరకు వేచి, చివరకు బ్రేకును విడువవలెను. తొందరపడి రెండును ఒకేసారి విడిచినచో, సాగుచున్న బరువంతయు ఆ చీలపై పడును. పళ్లు విరుగుట ఒకనాటితో జరుగదు. కొన్ని నెలలు గడచిన పిదప, గాలివాన రాత్రి జరుగును. ఈ కారణము చేతనే పలువురు, బ్రేకు కొన్ని క్షణములు ఆలస్యముగా పడునట్లు చిన్న విద్యుత్ సాధనమును పెట్టెలో చేర్చుకొందురు. ఖరీదైన మీటరు కంటె ఆ సాధనమే ముందుగా కొనదగినది.

ఇక తీగ మాట. రేడియో నుండి ఏరియలుకు పోవు కేబులు స్తంభము వెంట పైకి పోయి, తిరుగు భాగమునకు చేరును. గుంజకు కట్టిన దూడ ఒకే వైపు తిరిగి తిరిగి, పలుపు మెడకు బిగియువరకు ఎరుగదు. రొటేటరును అట్లే వదలినచో కేబులు తెగిపోవును. కావున ఒక చుట్టు పూర్తియగు చోట అడ్డు ఒకటి ఉండును, అది దాటనీయదు. ఆ అడ్డును ఏ దిక్కున ఉంచవలెను? ఉత్తరమున నుంచుట న్యాయమని కొత్తవారు తలంతురు. హైదరాబాదులోని కేంద్రమునకు దాని ఫలితము చూడుడు.

గోళముపై దారము లాగి చూచినచో, హైదరాబాదు నుండి న్యూయార్కునకు అతి దగ్గరి మార్గము పడమర వైపున లేదు. దాదాపు 337 డిగ్రీలున, అనగా ఉత్తరమునకు కొంచెము ఎడమగా, ధ్రువ ప్రాంతము మీదుగా పోవును. శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 19 డిగ్రీలున, ఉత్తరమునకు కుడివైపున ఉండును. రెంటికి నడుమ దూరము 42 డిగ్రీలే. కాని అడ్డు ఉత్తరమున నున్నచో, ఏరియలు వెనుకకు మరలి 318 డిగ్రీలు తిరిగిగాని రెండవ నగరమును చూడజాలదు. 7 సెకనుల పని 53 సెకనులగును. మందమైన ధ్వని లేచి పడిపోవుటకు అంత వ్యవధి చాలును. అడ్డును దక్షిణమున నుంచినచో ఈ చిక్కు తీరును. హైదరాబాదునకు దక్షిణమున సింహళము దాటిన పిదప ఎక్కువగా సముద్రమే. అయినను ఒక్కొక్క వేళ అమెరికా ధ్వనులు భూమిని వెనుకవైపు నుండి చుట్టి, దక్షిణ దిక్కున వచ్చును. అప్పుడు అడ్డు మరల ఎదురగును. నష్టము లేని చోటు లేదు. తక్కువ నష్టమున్న చోటును ఎన్నుకొనవలెను. జపానులో తయారగు యేసు రొటేటర్లు కొన్ని 450 డిగ్రీలు తిరిగి ఈ బాధను తగ్గించును. వానికి కేబులును ఆ మేరకు వదులుగా విడువవలెను.

మీటరును ఎంతవరకు నమ్మవచ్చును? అది పళ్లచక్రములు నిలిచిన చోటును చూపును గాని ఏరియలు నిలిచిన చోటును చూపదు. బిగింపు జారి, గొట్టములు పెనుగాలికి 40 డిగ్రీలు మరలినను, ముల్లు నిశ్చలముగా అబద్ధమాడును. దానికి విరుద్ధముగా, ఎవరును మీట నొక్కకుండ ముల్లు ఊగుచున్నచో, బ్రేకు చెడినదని గ్రహింపవలెను. కావున అప్పుడప్పుడు వెలుపలికి వచ్చి కన్నులతో చూచుట, తెలిసిన దిక్కుననున్న కేంద్రము ధ్వనిని వినుచు త్రిప్పి, బలము హెచ్చగు చోటును మీటరుతో పోల్చుట అవసరము. మొదట ఉత్తరమును నిర్ణయించుటకు ధ్రువనక్షత్రము కంటె చవకైన పరికరము లేదు.

ఇప్పుడు మీటను నొక్కు పని కంప్యూటరుకు అప్పగింపబడుచున్నది. యేసు సంస్థవారి జి.ఎస్. 232 పద్ధతిలో, 'ఎమ్' అను అక్షరము వెంట మూడంకెలు పంపినచో ఏరియలు ఆ డిగ్రీకి తిరుగును; 'సి' పంపినచో తానున్న దిక్కును చెప్పును; 'ఎస్' పంపినచో ఆగును. హామ్‌లిబ్ అను ఉచిత ప్రోగ్రాము పలు కంపెనీల పెట్టెలతో ఇట్లు మాటలాడగలదు. ఇచ్చట ఒక అతి తెలివి ప్రవేశించును. ఒక్క డిగ్రీ భేదమును కూడ సహింపని ప్రోగ్రాము మోటారును క్షణక్షణము ముందుకు వెనుకకు లాగి అరగదీయును. మూడు గొట్టముల ఏరియలు చూపు సుమారు 60 డిగ్రీల వెడల్పు. అట్టి దానికి 5 డిగ్రీల తప్పు తప్పే కాదు. ఆ మేరకు కదలవద్దని ప్రోగ్రామునకు చెప్పవలెను. చంద్రునిపైకి తరంగములు పంపి ప్రతిధ్వనిని వినువారి సంగతి వేరు. వారి ఏరియలు చూపు మిక్కిలి సన్నము.

ఉపగ్రహములకు దిక్కు ఒక్కటి చాలదు, ఎత్తును కూడ త్రిప్పవలెను. 2005 మే 5వ తేదీన శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మోసికొనిపోయిన హ్యామ్‌శాట్, భారతదేశము అమెచ్యూర్లకు ఇచ్చిన ఉపగ్రహము. 42.5 కిలోల ఆ చిన్న పెట్టె సుమారు 620 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు 2014 వరకు పనిచేసినది. అంత ఎత్తుననున్న ఉపగ్రహము ఒకసారి ఉదయించి అస్తమించుటకు 13 నిమిషములకు మించి పట్టదు. దక్షిణమున లేచి సరిగా నడినెత్తిమీదుగా పోవునది అందరికంటె చక్కగా వినబడవలెను. కాని రొటేటరుకు అదే గండము. నడినెత్తిన అది దాటగానే దిక్కు దక్షిణము నుండి ఉత్తరమునకు మారిపోవును. రొటేటరు అర నిమిషము వెనుకబడును. దీనికి ఉపాయము చిత్రమైనది. దిక్కును కదపనే కదపక, ఎత్తును 90 డిగ్రీలు దాటించి, ఏరియలును వెల్లకిల వెనుకకు 180 డిగ్రీల వరకు వంచుదురు. ఎత్తు రొటేటరు అంతవరకు వంగగలిగినదై యుండవలెను; కొనునప్పుడే ఈ ప్రశ్న అడుగుట మేలు.

స్తంభమునకు ఎక్కింపకముందే రొటేటరును నేలమీద పెట్టి, పైకి పోవలసిన పూర్తి నిడివి తీగలతోనే కలిపి, అడ్డు నుండి అడ్డు వరకు రెండు వైపులకును త్రిప్పి చూడవలెను. తీగ సన్ననిదైనచో విద్యుత్తు దారిలోనే క్షీణించి మోటారు మూలుగును. ఆ మూలుగు నేలమీదనే వినబడినచో తీగ మార్చుట అరగంట పని.