మూడు గీతల గుడ్డముక్క



తెలుగు, హిందీ, కోయ మాటలు కలిసి వినవచ్చే ఈ కిష్టారంలో అనువాదకునికి ప్రతి మాటా పరీక్షయే. అటువంటి పరీక్ష నాకు మా ఇంటనే ఎదురైనది.

మా తాతగారిని ఊరంతా సుబేదారు అనేవారు. ఆయన పెట్టెలో దొరికిన గుడ్డముక్కపై మాత్రం దారంతో కుట్టిన మూడు కోణపు గీతలున్నవి. సైన్యంలో అవి హవల్దారు గుర్తులు, చేతిపై ధరించేవి. రెండు గీతలు నాయక్‌కు, ఒకటి లాన్స్ నాయక్‌కు. సుబేదారుకు భుజంపై రెండు నక్షత్రాలుండవలెను.

అయితే తొందరపడరాదు. పోలీసు హెడ్ కానిస్టేబులుకు సైతం మూడు గీతలే! పెట్టెలోని ఇతర వస్తువులనూ చూడవలెను. బ్రిటిషు కిరీటపు గుర్తు సాధారణంగా 1950కి ముందుది. అశోకుని సింహాలు తరువాతివి. ప్రథమ ప్రపంచ యుద్ధపు గుండ్రని పతకమైతే అంచున సిపాయి సంఖ్య, పేరు, దళము చెక్కి ఉండును. మాటలూ మోసగిస్తవి. సైన్యంలో జమేదారు 1965లో నాయబ్ సుబేదారు అయినాడు. హిందీ వాడుకలో పారిశుద్ధ్య పనివారి మేస్త్రీని కూడా జమాదారు అంటారు. ఇది తెలియని అనువాదకుడు ఎవరి తాతనైనా మార్చివేయగలడు. (గుడ్డను మాత్రం ఉతకకండి.)

తాతగారి సమాధిపై "సుబేదారు" అని చెక్కించినది నాన్నగారే. నా మాట విని రెండు రోజులు పలుకలేదు. మూడవనాడు, "పింఛను కాగితం వెతుకు" అన్నారు. దొరికినది. అందులో హవల్దారు అనియే ఉన్నది. నాన్నగారు దానిని రెండుమారులు చదివి, రాయి చెక్కేవానికి కబురంపినారు.