రెండో మచ్చకూ బయాప్సీ చేయండి

పట్టాలు అందుకున్న యువ వైద్యులారా, క్యాన్సర్ వైద్యుణ్ణి కాబట్టి నాకు తెలిసిన ఒక్క విషయమే మాట్లాడతాను.

రొమ్ములో గడ్డతో ఒకావిడ వస్తుంది. బయాప్సీలో క్యాన్సరని తేలుతుంది. పెట్ స్కాన్‌లో ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపిస్తుంది. కేస్‌షీట్‌లో ‘స్టేజ్ ఫోర్’ అని రాసెయ్యడానికి అర నిమిషం చాలు. ఆ మాట పడ్డాక పూర్తిగా నయం చేద్దామన్న ఆలోచనే ఎవరికీ రాదు. కానీ ఆ మచ్చ రొమ్ము నుంచి పాకింది కాకపోతే? అక్కడే పుట్టిన వేరే క్యాన్సరైతే? సూదితో ముక్క తీసి పెథాలజీకి పంపండి. సాధారణంగా రొమ్ము క్యాన్సర్ కణాలు గాటా-3 పరీక్షలో రంగు పట్టుకుంటాయి, ఊపిరితిత్తి అడినోకార్సినోమా కణాలు టీటీఎఫ్-1లో. రెండూ వేర్వేరని, రెండూ తొలిదశలోనే ఉన్నాయని తేలితే రెండింటినీ ఆపరేషన్‌తో తీసేయొచ్చు.

రెండు క్యాన్సర్లు వేర్వేరని నిర్ధారించడానికి షీల్డ్స్ వారెన్, ఆలివ్ గేట్స్ 1932లోనే ఈ నియమాలు చెప్పారు: రెండూ క్యాన్సరేనని రుజువు కావాలి, రెండూ విడివిడిగా ఉండాలి, ఒకటి ఇంకోదాని నుంచి పాకింది కాదని తేలాలి. మూడోదే కష్టం.

మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లను చూసే ఉంటారు. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుంటారు. అంగిట్లో పుండు కనిపించగానే చూపు అక్కడే ఆపకండి. పొగ తగిలిన చోటల్లా పొర దెబ్బతిని ఉంటుంది. రెండో క్యాన్సర్ ఉందేమోనని బుగ్గలు, నాలుక, గొంతు, అన్నవాహిక అన్నీ చూడండి.

ఇక వైద్యం. రెండు క్యాన్సర్లలో ముందు ప్రాణం మీదికి తెచ్చేది ఏదో సర్జన్, రేడియేషన్, కీమో డాక్టర్లు ఒకచోట కూర్చుని తేల్చాలి. రోగి చంకలో ప్లాస్టిక్ కవరు ఉంటుంది చూడండి, అందులోని పాత కాగితాలన్నీ ఓపిగ్గా చదవండి. పదేళ్ల క్రితం ఛాతీకి ఎంత రేడియేషన్ ఇచ్చారో, డాక్సోరుబిసిన్ ఎంత ఎక్కించారో వాటిలోనే ఉంటుంది. ఆ మందు మోతాదు జీవితాంతం కూడుతూనే పోతుంది, పరిమితి దాటితే గుండె దెబ్బతినే ముప్పు బాగా పెరుగుతుంది.

గర్భసంచి క్యాన్సర్, పెద్దపేగు క్యాన్సర్ రెండూ ఒకావిడకే వస్తే లించ్ సిండ్రోమ్‌ను అనుమానించండి. దానికి కారణమైన జన్యులోపం ఉందని తేలితే ఆవిడ తోబుట్టువులనూ, పెద్దవాళ్లయిన పిల్లలనూ పరీక్షకు పిలిపించండి. వాళ్లలో ఆ లోపం ఉన్నవారికి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేస్తూ ఉంటే, చాలాసార్లు పాలిప్ దశలోనే తీసి పారేయొచ్చు.