మొదటి సంపుటము – పాఠకుల తీర్పు

1954వ సంవత్సరము జులై 29వ తేదీన లండనులో ‘ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’ అను నవల వెలువడినది. రచయిత ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి ఆచార్యుడు జె. ఆర్. ఆర్. టోల్కీన్. లోకమునంతటిని వశపరచుకొనగల ఒక దుష్టమైన ఉంగరమును, అది పుట్టిన అగ్నిపర్వతముననే పడవైచుటకై ఫ్రోడో అను మరుగుజ్జు జాతివాడు ఎనమండుగురు సహచరులతో సాగిపోవుట ఇందలి కథ.

చదివినవారు ఆనాడే రెండు పక్షములైరి. రచయితకు మిత్రుడైన సి. ఎస్. లూయిస్, కవియైన ఆడెన్ మిక్కిలి మెచ్చుకొనిరి. ఎడ్విన్ మ్యూర్ మాత్రము ఇందు మంచివారు ఎల్లప్పుడును మంచివారే, చెడ్డవారు చెడ్డవారే యని ఆక్షేపించెను. కాని సహచరులలో ఒకడైన బోరోమిర్, వీరుడయ్యును, ఈ సంపుటము చివర ఉంగరమునకు ఆశపడుట ఆ ఆక్షేపణకు కొంత సమాధానము.

సామాన్య పాఠకుల ఫిర్యాదు వేరు. కథ నడవదని వారందురు. పుట్టినరోజు విందు జరిగిన పదునేడేండ్లకు గాని ఫ్రోడో ఇల్లు కదలడు. నడుమ పాటలు, వంశవృత్తాంతములు. మరికొందరికి ఆ పుటలే ప్రాణము. ఒకరు దోషమన్న ఘట్టమునే మరియొకరు ప్రత్యేకముగా మెచ్చుకొనుచున్నారని టోల్కీన్ 1965లో రెండవ కూర్పు పీఠికలో తానే తెలిపెను.

ఇచట ఒక సంగతి గమనింపవలెను. టోల్కీన్ దీనిని ఏకగ్రంథముగనే వ్రాసెను. కాగితము ఖరీదు, పుస్తకము వెల ఆలోచించి ప్రకాశకులు మూడు సంపుటములు చేసిరి. రెండవది ఆ యేడు నవంబరులోను, మూడవది 1955 అక్టోబరులోను వచ్చినవి. కనుక తొలి పాఠకులు తీర్పు చెప్పినది మూడవవంతు కథపైననే.

మొదట మందముగా తోచిన ఆ పల్లెటూరి వర్ణన కడపట ఫలించును. విజయము పొంది మరలివచ్చిన ఫ్రోడోకు తన ఊరు పాడుపడి కనిపించును. ఆ చెట్లను, ఆ ఇండ్లను మనము ముందే ఎరిగియుండనిచో ఆ నష్టము మనకు తగులదు.

అట్లని తుదివరకు చదివినవారందరును మెచ్చవలెనను నియమము లేదు. ఎడ్మండ్ విల్సన్ ఈ కథనంతయు తన కుమార్తెకు చదివి వినిపించియు, 1956లో దానిని తీవ్రముగా ఖండించెను. అది పూర్తిగా చదివిన వాని అభిప్రాయము; గౌరవింపదగినది. మొదటి సంపుటముతో విసిగినవారు చదువుట మానవచ్చును. అది వారి ఇష్టము. కాని గ్రంథమునకు తీర్పు చెప్పదలచినవారు మాత్రము, నాటిన విత్తు మొలచువరకైనను వేచియుండుట న్యాయము.