హేచరీలో నీటి వేడి

బొచ్చె, శీలావతి చేపలు చెరువులో పెరుగుతాయి, బరువెక్కుతాయి. కానీ ఆ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీరు కావాలి. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఆ చిక్కు విప్పారు. అప్పటినుంచి గుడ్లు పెట్టించడం మన చేతిలోకి వచ్చింది. గుడ్డు పొదగడం మాత్రం ఇప్పటికీ నీటి వేడి చేతిలోనే ఉంది. నీరు 27 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటే ఒక రోజు తిరగకముందే పిల్ల బయటికొస్తుంది. నీరు చల్లబడితే ఆలస్యమవుతుంది. ఆలస్యమైన కొద్దీ గుడ్లకు బూజు పట్టే ప్రమాదం పెరుగుతుంది.

అయితే వేడి నీరే మేలు కదా, త్వరగా పొదిగితే ఇంకో విడత వేసుకోవచ్చు అని కొందరంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ నీరు వేడెక్కితే అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే గుడ్డుకు దాని అవసరం పెరుగుతుంది. పిల్ల తొందరగా వస్తుంది, నిజమే. కానీ వంకర వెన్నుతో వచ్చేవీ, ఈదలేక చచ్చేవీ ఎక్కువవుతాయి. అలాంటి విడత లెక్కల్లో కనిపిస్తుంది, చెరువులో నిలవదు. మరి కైకలూరు లాంటి ఊళ్ల ఎండల్లో నీటిని చల్లబరచడం ఖర్చు కాదా? పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. తొట్టెల మీద నీడ వేయండి, బోరు నీరు కలపండి. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ, అందుకే దాన్ని పైనుంచి జల్లుగా పడనివ్వాలి. తల్లి చేపకు సూది వేసేముందు నీటిలో థర్మామీటరు పెట్టి చూడండి. వేడి 32 డిగ్రీలు దాటితే ఆ రోజుకు సూది ఆపండి.